బండి ఎప్పుడు మొండికేస్తుంది?

పిల్లలూ! పూర్తిగా చెడిపోయిన యంత్రాన్ని బాగుచేయడం అంత కష్టం కాదు. ఎక్కడ పని ఆగిపోయిందో వెతుక్కుంటూ పోతే జబ్బు దొరికిపోతుంది. చిక్కంతా అప్పుడప్పుడూ మొండికేసే యంత్రంతోనే. మెకానిక్ దగ్గరికి తీసుకువెళ్తే బుద్ధిగా పనిచేస్తుంది. ఇంటికి తెచ్చాక మళ్ళీ మామూలే. వైద్యుడి గుమ్మం ఎక్కగానే పంటినొప్పి తగ్గిపోయినట్లు!

అలాంటి బండి ఒకటి మా ఊళ్లో ఉంది. అది డీజిల్ వ్యాను. దాని డ్రైవరే దాని యజమాని. ఆ బండే అతని ఇంటికి ఆధారం. పదో తరగతి పరీక్షల కేంద్రం మా ఊరికి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో మండల కేంద్రంలో ఉంటుంది. ఆ సంవత్సరం మా బడి పిల్లలు పదకొండు మందిని అక్కడికి తీసుకువెళ్లే బాధ్యత అతనే ఒప్పుకున్నాడు. పరీక్షలు ఇంకా నెల రోజులున్నాయనగా ఒక సాయంత్రం దిగాలుగా మా ఇంటికి వచ్చాడు.

"మాస్టారూ, నా బండికి గాలి సోకిందో ఏమో! నిన్న నాలుగుసార్లు తాళం తిప్పినా 'టక్' మని ఊరుకుంది. నలుగురం కలిసి నెడితే గానీ కదల్లేదు. ఇవాళ పొద్దున షెడ్డుకి తీసుకెళ్తే ఒక్క తిప్పుకే స్టార్టయింది. పోయిన నెల కొత్త బ్యాటరీ వేయించాను. ఇప్పుడు సెల్ఫ్ మోటారు కూడా మార్చమంటున్నారు. వడ్డీకి తేవాలి. అది మార్చినా బాగుపడుతుందన్న నమ్మకం లేదు. పరీక్ష రోజున ఇలా చేస్తే పిల్లల గతేమిటి?"

అతని భయం న్యాయమైనదే. "నాలుగు రోజులాగు, ఏ సామానూ కొనకు" అని చెప్పి, మర్నాడు ఈ సంగతి తరగతిలో పిల్లల ముందు పెట్టాను.

సెల్ఫ్ అంటే ఏమిటి?

ఇంజను తనంతట తాను మొదలుకాలేదు. ఎవరో ఒకరు దాన్ని నాలుగు చుట్లు తిప్పితేనే లోపల ఇంధనం మండి, ఆ తర్వాత తనే తిరుగుతుంది. పూర్వం ఈ పని చేత్తో చేసేవారు. ముందువైపు ఇనుప హ్యాండిల్ పెట్టి గట్టిగా తిప్పేవారు. ఒక్కోసారి ఇంజను వెనక్కి తన్ని చెయ్యి విరిగేది. 1911లో అమెరికాలో ఛార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు కార్లకు పనికివచ్చే విద్యుత్ స్టార్టరును తయారుచేశాడు. 1912లో కాడిలాక్ కార్లకు దాన్ని అమర్చారు. మనవాళ్లు 'సెల్ఫ్' అని పిలిచేది దీన్నే.

దానికి కావలసిన విద్యుత్తు బ్యాటరీ నుంచి వస్తుంది. సీసం, సల్ఫ్యూరిక్ ఆమ్లాలతో పనిచేసే ఈ ఘటాన్ని 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే కనిపెట్టాడు. ఒక్కొక్క ఘటం సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. ఆరు ఘటాలను శ్రేణిలో కలిపితే 12.6 వోల్టులు. పూర్తిగా ఛార్జి అయిన బ్యాటరీ, ఏ పనీ చేయకుండా ఉన్నప్పుడు, చూపించవలసిన అంకె ఇదే. 12.2 వోల్టులు చూపిస్తే దాదాపు సగం ఛార్జి మిగిలిందని అర్థం.

ఇక తాళం తిప్పినప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం. మొదట సన్నని తీగల గుండా కొద్దిపాటి విద్యుత్తు సొలినాయిడ్ అనే తీగచుట్టకు చేరుతుంది. తీగచుట్టలో ప్రవాహం ఉంటే అది అయస్కాంతంగా మారుతుందని మీకు తెలుసు గదా! ఆ అయస్కాంతం ఒక ఇనుప కడ్డీని లాగుతుంది. 'టక్' మన్న శబ్దం అదే. ఆ కడ్డీ మోటారు పళ్లచక్రాన్ని ఇంజను చక్రానికి తగిలిస్తుంది. అదే సమయంలో రెండు లావుపాటి రాగి ముక్కలను కలిపి, బ్యాటరీ నుంచి మోటారుకు పెద్ద ప్రవాహాన్ని వదులుతుంది. చిన్న డీజిల్ బండిలో ఆ ప్రవాహం 200 ఆంపియర్లు, అంతకంటె ఎక్కువ కూడా ఉండవచ్చు. మీ ఇంట్లో ఫ్యాను తీసుకునేది ఒక ఆంపియరైనా ఉండదు!

మోటారు దాకా వెళ్లిన ప్రవాహం మళ్ళీ బ్యాటరీకి తిరిగి రావాలి. అందుకు బండి ఇనుప శరీరాన్నే దారిగా వాడుకుంటారు. బ్యాటరీ రుణధ్రువాన్ని ఛాసిస్‌కు కలుపుతారు. కానీ ఇంజను ఛాసిస్ మీద నేరుగా కూర్చోదు. కుదుపులు తగలకుండా రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. రబ్బరు విద్యుత్ బంధకం. అందువల్ల ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్య జడలాగా అల్లిన ఒక రాగి పట్టీని బిగిస్తారు. దాన్ని ఎర్త్ పట్టీ అంటారు. ఈ పట్టీని గుర్తుంచుకోండి.

మందు కాదు, ముందు పట్టిక

"మాస్టారూ, ముందు ఏ భాగం విప్పుదాం?" అని ఒక పిల్లవాడు అడిగాడు. ఏదీ విప్పవద్దన్నాను. అప్పుడప్పుడూ వచ్చే జబ్బుకు మొదటి పనిముట్టు పానా కాదు, పెన్సిలు. 'ఏ భాగం పాడైంది?' అని అడిగే ముందు 'ఎప్పుడు పాడవుతోంది?' అని అడగాలి. ఒకే బండి ఒక వేళ స్టార్టయి, ఇంకొక వేళ కాకపోతే, ఆ రెండు వేళలకూ మధ్య ఏదో ఒకటి మారి ఉండాలి. వేడి కావచ్చు, తడి కావచ్చు, కుదుపు కావచ్చు, బ్యాటరీ ఛార్జి కావచ్చు.

డ్రైవరుకు ఒక నోటుపుస్తకం ఇచ్చాం. బండి స్టార్టు చేసిన ప్రతిసారీ అయిదు సంగతులు రాయమన్నాం. వేళ ఎంత? ఇంజను ఆపి ఎంతసేపయింది? స్టార్టయిందా, లేదా? కాకపోతే ఏ శబ్దం వచ్చింది? హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పితే వాటి వెలుతురు తగ్గిందా? ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మొండికేసినప్పుడు మాత్రమే కాదు, చక్కగా స్టార్టయినప్పుడు కూడా రాయాలి. చెడ్డ రోజులనే రాసుకుంటే వాటికీ మంచి రోజులకూ తేడా ఎలా తెలుస్తుంది?

పన్నెండు రోజులకు 60 వరుసలు నిండాయి. పిల్లలు వాటిని నాలుగు రకాలుగా విడదీశారు. రాత్రంతా ఆగి ఉదయం స్టార్టు చేసినవి 12. అందులో ఒక్కసారీ మొండికేయలేదు. గంటకు పైగా ఆగి స్టార్టు చేసినవి 16. అందులోనూ లేదు. ఆపిన అయిదు నిమిషాలలోపు స్టార్టు చేసినవి 14. అందులోనూ లేదు. ఇక పదినుంచి ముప్ఫై నిమిషాలు ఆగి స్టార్టు చేసినవి 18. అందులో ఆరుసార్లు మొండికేసింది!

గాలీ లేదు, దయ్యమూ లేదు. బండి ఒక నియమం ప్రకారమే నడుచుకుంటోంది.

ఆ పట్టిక చూసి డ్రైవరు ముఖం వాడిపోయింది. పరీక్ష రోజుల్లో అతను ముందుగా శివారు పల్లెకు వెళ్లి అక్కడి పిల్లలను ఎక్కించుకోవాలి. తర్వాత మా ఊరి రావిచెట్టు కింద ఆగి మిగిలినవారి కోసం కాచుకోవాలి. ఎంతసేపో తెలుసా? సరిగ్గా పదిహేను నిమిషాలు!

ఆపాక వేడెక్కడమా?

ఇంజను ఆపితే చల్లారాలి గదా, పదిహేను నిమిషాల తర్వాత తగువు ఎందుకు రావాలి? వంటింట్లో చూడండి. పొయ్యి మీది నుంచి దించిన పెనం పిడి, దించిన తర్వాత కూడా కాసేపు వేడెక్కుతూనే ఉంటుంది. పెనం మధ్యలోని వేడి మెల్లగా అంచులకు పాకుతుంది. ఇంజను నడిచేటప్పుడు నీరూ గాలీ దాని వేడిని లాక్కుపోతుంటాయి. ఆపగానే ఆ రెండూ ఆగిపోతాయి. లోపలి వేడి బయటి భాగాలకు చేరుతుంది. అందుకే ఇంజనుకు తగులుకొని ఉన్న మోటారు, తీగలు, బోల్టులు ఆపిన కొద్దిసేపటికి మరింత వేడెక్కుతాయి. గంట గడిస్తే అన్నీ చల్లబడతాయి.

వేడి రెండు పనులు చేయగలదు. రాగి తీగ నిరోధం ప్రతి డిగ్రీ సెల్సియస్‌కూ సుమారు 0.4 శాతం పెరుగుతుంది. 50 డిగ్రీలు వేడెక్కితే దాదాపు అయిదో వంతు పెరిగినట్లే. అప్పుడు సొలినాయిడ్ లాగే బలం తగ్గుతుంది. రెండోది, లోహాలు వ్యాకోచిస్తాయి. వదులైన, తుప్పుపట్టిన అతుకు అయితే కొద్దిగా జరిగి, తాకే చోటు ఇంకా తగ్గిపోతుంది.

ఈ రెంటిలో ఏది? పుస్తకంలోని మిగిలిన గడులు సాయం చేశాయి.

శబ్దమూ వెలుతురూ చెప్పే కబుర్లు

తాళం తిప్పితే 'టక్' అని కూడా అనకపోతే, సొలినాయిడ్‌కు వెళ్లే సన్నని తీగల దారిలోనో, తాళం స్విచ్‌లోనో లోపం ఉండవచ్చు. కొన్ని స్కూటర్లలో, మోటారు సైకిళ్లలో సైడ్ స్టాండు, బ్రేకు లేక క్లచ్చి దగ్గర ఉండే స్విచ్ అడ్డుపడినా ఇదే జరుగుతుంది. 'టక్' మని, లైట్లు దాదాపు ఆరిపోయేంతగా మందగిస్తే బ్యాటరీలో ఛార్జి లేకపోవచ్చు, లేదా బ్యాటరీ ధ్రువాల దగ్గరే అతుకు చెడి ఉండవచ్చు. ఎందుకంటే లైట్లకూ మోటారుకూ అది ఉమ్మడి దారి. 'టక్' మని, లైట్లు మాత్రం బాగానే వెలుగుతుంటే లోపం ఉమ్మడి దారిలో లేదు. మోటారుకు మాత్రమే చెందిన దారిలో, లేదా మోటారులోనే ఉంది. ఇక మోటారు హుషారుగా తిరుగుతూ ఇంజను మాత్రం అందుకోకపోతే సెల్ఫ్ తప్పేమీ లేదు. ఇంధనం, పెట్రోలు బండి అయితే నిప్పురవ్వ, ఈనాటి బండ్లలో అయితే సెన్సర్లు చూసుకోవాలి.

మన వ్యాను ఆరుసార్లూ 'టక్' మంది. లైట్లు ఆరుసార్లూ బాగానే వెలిగాయి. అంటే పాపం, ఆ కొత్త బ్యాటరీకి పెట్టిన డబ్బు దండగ!

ఇంకొక సంగతిని తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె పట్టుకుంది. "మాస్టారూ, నిన్న బండిని నెట్టనే లేదు. గేరు కూడా వెయ్యలేదు. నెడదామని నలుగురు పట్టుకొని ఊపారంతే. ఇంతలో బాబాయి తాళం తిప్పితే సెల్ఫ్ పడింది" అంది. ఊపితే బాగుపడే జబ్బు ఏమై ఉంటుంది? తీగ వేడెక్కి నిరోధం పెరిగితే ఊపినంత మాత్రాన తగ్గదు. వదులు అతుకు అయితే ఊపినప్పుడు కాస్త సర్దుకోవచ్చు.

కొలత చెప్పిన నిజం

అతుకు ఎక్కడిది? మెకానిక్ షెడ్డులో మీటరు పెట్టి తీగల నిరోధం చూశారట, ఏ లోపమూ కనిపించలేదట. కనిపించదు. మామూలు మీటరు తీగలకే ఓమ్‌లో అయిదో వంతు దాకా నిరోధం ఉంటుంది. మనం వెతికేది అంతకంటె ఎన్నో రెట్లు చిన్నది. పైగా అప్పుడు బండి చల్లగా ఉంది. దొంగ లేనప్పుడు ఇల్లు సోదా చేసినట్లయింది! అందువల్ల జబ్బు ఉన్న సమయంలోనే, పెద్ద ప్రవాహం పారుతుండగానే, అతుకులకు అటూ ఇటూ పొటెన్షియల్ భేదం కొలవాలి.

బడి మల్టీమీటరు పట్టుకొని నేను ఆ బండి వెంట తిరిగాను. మూడోనాడు రావిచెట్టు కింద అది మొండికేసింది. గేరు తీసి, హ్యాండ్ బ్రేకు వేయించి, మీటరును 20 వోల్టుల డీసీ స్థానంలో పెట్టాను. డ్రైవరు ఒక్కొక్కసారి రెండు సెకన్లు మాత్రమే తాళం తిప్పాడు. పిల్లలు దూరంగా నిలబడి అంకెలు రాసుకున్నారు.

బ్యాటరీ రెండు ధ్రువాల మధ్య 11.4 వోల్టులు. బ్యాటరీ బాగానే ఉంది. ధనధ్రువానికీ మోటారులోకి తీగ వెళ్లే కొనకూ మధ్య 0.2 వోల్టులు. ఆ దారీ బాగానే ఉంది. రుణధ్రువానికీ ఇంజను లోహానికీ మధ్య 6.0 వోల్టులు! అర వోల్టు కూడా ఉండకూడని చోట ఆరు వోల్టులు.

ఇప్పుడు లెక్క వేయండి. 11.4 నుంచి 0.2, 6.0 తీసివేస్తే మోటారుకు మిగిలింది 5.2 వోల్టులే. సగమైనా లేదు. అది ఇంజనును ఎలా తిప్పుతుంది?

ఓమ్ నియమాన్ని గుర్తు చేసుకోండి: పొటెన్షియల్ భేదం = ప్రవాహం × నిరోధం. ప్రవాహం 200 ఆంపియర్లు అనుకుంటే, నిరోధం = 6 ÷ 200 = 0.03 ఓమ్. ఎంత చిన్న నిరోధం! అదే అతుకు గుండా హెడ్‌లైట్ల 10 ఆంపియర్లు పారితే నష్టం 10 × 0.03 = 0.3 వోల్టులే. కంటికి తెలియనే తెలియదు. చిన్న పనికి అడ్డురాని నిరోధం పెద్ద పనిని ఆపేసింది. నిజానికి లైట్ల ప్రవాహం ఇంజను గుండా వెళ్లదు కనుక, ఆ అతుకు వాటి దారిలోనే లేదు.

ఇది ఇంకా అనుమానమే. నిర్ధారణకు ఒక ప్రయోగం మిగిలింది. అనుమానించిన దారిని తప్పించి, వేరే దారి ఇస్తే ఏమవుతుంది? లావుపాటి కేబులుతో బ్యాటరీ రుణధ్రువాన్ని నేరుగా ఇంజను లోహానికి కలిపాం. డ్రైవరు తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది! పిల్లల కేకలకు రావిచెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి.

ఎర్త్ పట్టీ బోల్టు విప్పి చూశాం. పట్టీ కొనకూ ఛాసిస్‌కూ మధ్య ఎర్రటి తుప్పు పొర. పట్టీ సగం పోగులు తెగి ఉన్నాయి. బోల్టు వదులుగా ఉంది. చల్లగా ఉన్నప్పుడు ఏవో రెండు మూడు చోట్ల లోహం లోహాన్ని తాకుతోంది. వేడికి జరిగినప్పుడు అదీ పోతోంది. ఉప్పుకాగితంతో తుప్పు రుద్ది, మెరిసే లోహం మీద కొత్త పట్టీ బిగించి, తడి తగలకుండా పైన గ్రీజు పూశారు. ఖర్చు మూడు వందల రూపాయలలోపే. సెల్ఫ్ మోటారు చోటు నుంచి కదలలేదు.

బాగుపడిందని ఎప్పుడు అనాలి?

మర్నాడు డ్రైవరు వచ్చి, "నిన్న మూడుసార్లు వేడి మీద స్టార్టు చేశాను మాస్టారూ, ఒక్కసారీ ఆగలేదు. బాగుపడింది" అన్నాడు. నేను తొందరపడవద్దన్నాను. ఎందుకో చూడండి.

పాత పట్టిక ప్రకారం ఆ వేళల్లో 18కి 6 సార్లు, అంటే మూడింట ఒకసారి మొండికేసేది. మూడింట రెండుసార్లు స్టార్టయ్యేది. జబ్బు అలాగే ఉన్నా, వరుసగా మూడుసార్లు స్టార్టయ్యే సంభావ్యత 2/3 × 2/3 × 2/3 = 8/27. అంటే దాదాపు 30 శాతం. అదృష్టం కొద్దీ కూడా అలా జరగవచ్చు గదా! అదే వరుసగా పన్నెండుసార్లు స్టార్టయితే? 2/3ను పన్నెండుసార్లు గుణిస్తే సుమారు 0.008 వస్తుంది. 130లో ఒక వంతు. అప్పుడు అదృష్టం అనుకోవడం కష్టం.

అందుకని పుస్తకం ఆపలేదు. వారం రోజులకు అలాంటి వేళలు పన్నెండు దాటాయి. ఒక్కసారీ ఆగలేదు. అప్పుడు గానీ డ్రైవరు అప్పు మాట మరిచిపోలేదు, నేను నిశ్చింతగా నిద్రపోలేదు.

మొదటి పరీక్ష రోజు ఉదయం రావిచెట్టు కింద పదిహేను నిమిషాలు ఆగిన వ్యాను ఒక్క తిప్పుకే స్టార్టయింది. పదకొండు మందీ వేళకు హాలులో ఉన్నారు.

జాగ్రత్త!

బ్యాటరీ ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది. దాని దగ్గర అగ్గిపుల్ల గీయరాదు. ధ్రువాల మీద పానా అడ్డంగా పడితే వందల ఆంపియర్లు పారి పానా ఎర్రగా కాలిపోతుంది. మీటరును ఆంపియర్ల స్థానంలో పెట్టి బ్యాటరీకి తగిలించరాదు. బండి దగ్గర ఈ పరీక్షలు పెద్దవాళ్లే చేయాలి. మీరు పక్కన నిలబడి పట్టిక రాయండి. ఆ పని కూడా తక్కువదేమీ కాదు.

మీరూ చేసి చూడండి

రెండు టార్చి ఘటాలు, బొమ్మకారులోని చిన్న మోటారు, ఎర్రటి ఎల్.ఇ.డి. దీపం, దానితో శ్రేణిలో పెట్టడానికి 100 ఓమ్‌ల నిరోధం, రెండు వైపులా చెక్కిన పెన్సిలు తెచ్చుకోండి. ముందు తీగలతోనే మోటారును తిప్పండి. తర్వాత దీపం వెలిగించండి. ఇప్పుడు వలయంలో పెన్సిలు ముల్లును అతుకుగా పెట్టి రెండింటినీ మళ్ళీ చూడండి. ఏది ముందులాగే పనిచేసింది? ఏది డీలా పడింది? ఎందుకో ఓమ్ నియమంతో రాయండి.

మీ ఇంట్లోనూ అప్పుడప్పుడూ మొండికేసే వస్తువు ఒకటి ఉండే ఉంటుంది. ఫ్యానో, టార్చిలైటో, నీళ్ల మోటారో. దాన్ని తట్టకండి, తిట్టకండి. అది ఎప్పుడు మొండికేస్తోందో పన్నెండు రోజులు రాసి చూడండి.